ఏటి గట్టున ఎడ్వర్డ్ గ్రే

ప్రథమ ప్రపంచ సంగ్రామ చరిత్రను బోధించు ఉపాధ్యాయులకును, చదువు విద్యార్థులకును సర్ ఎడ్వర్డ్ గ్రే పేరు క్రొత్తది కాదు. 1905 డిసెంబరు మొదలు 1916 డిసెంబరు వరకు, పదునొకండు సంవత్సరములు ఎడతెగక ఆయన బ్రిటన్ విదేశాంగమంత్రిగా నుండెను. ఆ పదవిలో అంతకాలము విరామము లేక నిలిచినవారు ఆ దేశమున మరియొకరు లేరు. 1914 ఆగస్టులో బ్రిటన్ ఏల యుద్ధమునకు దిగవలసివచ్చెనో పార్లమెంటు సభకు వివరించినవాడు ఆయనయే. పాఠ్యపుస్తకములలో ఆయన కథ సాధారణముగా అక్కడ ప్రారంభమై అక్కడనే ముగియును.

కాని ఇంగ్లండులో గాలము పట్టువారిని అడిగినచో వారు గ్రే పేరును వేరొక కారణమున స్మరింతురు. 1899లో ఆయన ఒక పుస్తకము వ్రాసెను. దాని విషయము రాజనీతి కాదు. కృత్రిమముగా చేసిన ఈగతో ట్రౌట్ అను చేపను పట్టు విధానము. ఆ విద్యకు సంబంధించిన మేలైన రచనలలో ఒకటిగా అది నేటికిని లెక్కకు వచ్చుచున్నది. చేపను పట్టుటకు వలసిన నేర్పుతోపాటు, ఒక దినమునుండి ఎంత ఆశింపవచ్చును, ఎంత ఆశింపరాదు అను వివేకమును గూడ ఆ పుస్తకము పాఠకునకు నేర్పును. ఆ వివేకము గ్రేకు ఎట్లు అలవడినది, జీవితమున ఎంతవరకు తోడ్పడినది, ఎక్కడ తోడ్పడలేదు అను సంగతులు తెలిసికొనదగినవి.

ఫాలోడన్ బాలుడు

గ్రే 1862 ఏప్రిల్ 25న లండనులో జన్మించెను. ఆయన వంశమువారి నివాసము ఉత్తర ఇంగ్లండునందలి నార్తంబర్లండు సీమలోని ఫాలోడన్. అది స్కాట్లండు సరిహద్దుకును, ఉత్తర సముద్రమునకును చేరువనున్న పల్లెపట్టు. తాతగారైన సర్ జార్జి గ్రే బహుకాలము బ్రిటిష్ ప్రభుత్వమున హోంమంత్రిగా పనిచేసినవాడు. తండ్రి సైనికోద్యోగి. ఆయన 1874లో ఆకస్మికముగా మరణించెను. అప్పటికి ఎడ్వర్డుకు పండ్రెండేండ్లు. ఏడుగురు సంతానములో అతడే జ్యేష్ఠుడు. ఆనాటినుండి తాతగారే ఆ పిల్లలకు దిక్కయ్యెను. ఆ వృద్ధుని ఇంట దర్పమును, ఆడంబరమును లేకుండెను. పొలములు, చెట్లు, పక్షులు, చిన్న వాగులు ఆ బాలునకు నిత్యసహచరములు.

ఆ వాగులలో ఎడ్వర్డు మొదట గాలము వేసెను. ఎర వానపాము, దొరకునవి జానెడైన లేని చిన్న ట్రౌట్‌లు. గుబురు పొదలనడుమ పారు సన్నని వాగులో పొద్దుగూకువరకు తిరిగి, తడిసిన బట్టలతో ఇల్లు చేరుట ఆ బాలునకు పండుగ. ఆ నీటిలో ఆహారము తక్కువ. కావున చేపలు ఆకలిగొనియుండును. కనబడిన దానిని తటాలున అందుకొనును. అట్టిచోట గాలము నేర్చినవాడు లోకమునందలి చేపలన్నియు ఇట్టివే యని అనుకొనుట సహజము.

ట్రౌట్ మన గోదావరిలోగాని, కృష్ణలోగాని పుట్టినది కాదు. అది చల్లని, తేటయైన, ప్రాణవాయువు సమృద్ధిగా గల నీటిలోనే బ్రతుకును. మన దేశమునకు దానిని తెల్లవారు తెచ్చిరి. కాశ్మీరమునందును, నీలగిరులయందును పెంచిరి. ఒంటిమీద చుక్కలుగల ఈ చేపకు ప్రధానాహారము నీటిపురుగులు. ఏటి అడుగున పెరిగిన పురుగులు ఋతువు వచ్చినపుడు పైకి తేలి, రెక్కలు విప్పుకొని ఎగిరిపోవును. ఆ క్షణమున వాటిని పట్టుకొనుటకు ట్రౌట్ నీటిపైకి వచ్చును. ఇది తెలిసిన మనుష్యుడు చిన్న గాలపుముల్లుకు ఈకలు, పట్టుదారము చుట్టి ఈగవలె కనబడునట్లు చేసెను. దానికి బరువు లేదు. పొడవైన వంగెడి కర్రతో బరువైన దారమును వెనుకకు, ముందుకు ఝళిపించి, ఆ దారపు ఊపుతోనే ఈగను దూరముగా నీటిపై వాల్చవలెను. ఈగ నీట మునిగి పోవునట్లు వేయుట ఒక పద్ధతి; నీటిపైన తేలునట్లు వేయుట మరియొకటి. రెండవది చాల కష్టము.

వించెస్టరు ఏరు

1876లో ఎడ్వర్డు దక్షిణ ఇంగ్లండులోని వించెస్టరు పాఠశాలలో చేరెను. ఆ పట్టణమున ఇచెన్ అను ఏరు పారును. ఆ ప్రాంతపు కొండలు సుద్దనేలలు. వానలు కురిసినపుడు నీరు పైపైన పరుగెత్తక సుద్దలోనికి ఇంకి, నెలల తరబడి లోపల నిలిచి, ఊటలుగా వెలువడును. అందుచేత ఇచెన్ నీరు స్ఫటికమువలె తేటగా నుండును. వేసవిలో మిక్కిలి వేడెక్కదు, శీతకాలమున మిక్కిలి చల్లబడదు. అడుగున పచ్చని నాచు, ఆ నాచులో లెక్కలేనన్ని పురుగులు. అచ్చటి ట్రౌట్‌కు ఆహారము కొరత లేదు. బాగుగా మేసి పౌను, రెండు పౌనుల తూకము పెరుగును. అట్టి చేపకు తొందర యేమి? అది ప్రతి ఈగను పరీక్షించును. గట్టుమీద మనిషి నీడ కదలినను మాయమగును.

ఫాలోడన్ వాగులలో ఆరితేరిన బాలుడు ఈ ఏటి యొద్ద ఓడిపోయెను. మునుగు ఈగతో ఉత్తరదేశపు పద్ధతిని ఎంత ప్రయోగించినను ఫలము లేకపోయెను. మొదటి యేడు దాదాపు వట్టి చేతులతోనే గడచెను. కన్నులయెదుట పెద్ద చేపలు ఈదుచుండగా, గంటలకొలది గాలము విసరియు, ఒకటియైనను పడకుండుట పదునాలుగు, పదునైదేండ్ల పిల్లవానికి ఎంత అవమానకరమో ఉపాధ్యాయులు ఊహింపగలరు. అట్టి స్థితిలో కొందరు ఏటిని నిందింతురు. మరికొందరు విద్యనే విడిచిపెట్టుదురు. గ్రే ఆ రెండును చేయలేదు. తాను తెచ్చుకొన్న లెక్క తప్పని గ్రహించి, ఆ ఏటినే గురువుగా చేసికొని మరల మొదటినుండి నేర్చుకొనెను.

నేర్చుకొనినది ఏమనగా: ట్రౌట్ ప్రవాహమునకు ఎదురుగా ముఖముంచి నిలుచును. కావున దిగువనుండి, వెనుకప్రక్కగా, వంగి నడచి సమీపింపవలెను. కనబడిన నీటినెల్ల కొట్టుట వృథా. పురుగును అందుకొనుటకు పైకి వచ్చుచున్న చేప నొకదానిని ఎన్నుకొనవలెను. దానికి కొంచెము ఎగువన, సవ్వడి కాకుండ తేలు ఈగను వాల్చవలెను. ఈగ ప్రవాహముతోబాటు సహజముగా రావలెను. దారము లాగినందున అడ్డముగా జారినచో చేపకు వెంటనే అనుమానము కలుగును. మొదటి విసరునకే దక్కినచో దక్కినట్లు. పిమ్మట ప్రతి విసరుతోను అవకాశము తగ్గుచుండును. ఇట్లు పాఠశాలలోనున్న నాలుగేండ్లలో గ్రే బుట్ట సంవత్సరమునకు సంవత్సరము బరువెక్కెను.

గాలపు విద్యను ఆంగ్ల సాహిత్యమునకెక్కించిన ఐజాక్ వాల్టన్ 1683లో వించెస్టరునందే మరణించి, అచ్చటి మహాదేవాలయములో సమాధి గాంచెను. 1653లో వెలువడిన వాల్టన్ పుస్తకము ప్రధానముగా ఎరతో చేప పట్టు ముచ్చట. ఈగతో ట్రౌట్ పట్టు విధానమును 1676లో ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ ఆ పుస్తకమునకు రెండవ భాగముగా చేర్చెను. ఆ సంప్రదాయమునకు రెండు వందల యేండ్ల తరువాత అదే ఊరిలో ఒక విద్యార్థి వారసుడగుట చిత్రమైన సంఘటన.

శనివారపు రైలు

1880లో గ్రే ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చేరెను. ఇక్కడ ఆయన చరిత్ర విద్యార్థులకు ఆదర్శము కాదు. టెన్నిసు ఆటలో ప్రవీణుడు, చదువులో సోమరి. 1882లో తాతగారు మరణింపగా బిరుదును, ఆస్తియు సంక్రమించెను; చదువు మాత్రము సాగలేదు. 1884 జనవరిలో కళాశాలాధ్యక్షుడు జోయెట్ ఆయనను సోమరితనమునకై ఇంటికి పంపివేసెను. ఆ వేసవిలో తిరిగివచ్చి పరీక్షకు కూర్చుండి న్యాయశాస్త్రమున మూడవ తరగతిలో ఉత్తీర్ణుడయ్యెను. నలువదినాలుగేండ్ల పిమ్మట, 1928లో, అదే విశ్వవిద్యాలయమువారు ఆయనను తమ ఛాన్సలరుగా ఎన్నుకొనిరి.

1885లో రెండు శుభకార్యములు జరిగెను. డొరోతీ విడ్రింగ్టను అను కన్యను వివాహమాడెను. బెరిక్ నియోజకవర్గమునుండి లిబరల్ పక్షమున పార్లమెంటుకు ఎన్నికయ్యెను. అప్పటికి ఆయనకు ఇరువదిమూడేండ్లు. 1892 మొదలు మూడేండ్లు విదేశాంగశాఖలో ఉపమంత్రి. పని పెరిగినకొలది లండను జీవితము ఆ దంపతులకు చెరసాలవలె తోచెను. ఇద్దరికిని పల్లెయే ప్రాణము. 1890లో ఇచెన్ ఒడ్డున, ఇచెన్ ఆబస్ అను గ్రామమునొద్ద, ఒక చిన్న కుటీరము కట్టించుకొనిరి. అతిథులు, విందులు అచ్చట లేవు. పుస్తకములు, పక్షులు, ఏరు మాత్రమే. 1894 మొదలు 1905 వరకు ఆ దంపతులు అచ్చట చూచిన పూవులను, పిట్టలను, వాతావరణమును ఒక దినచర్య పుస్తకమున వ్రాసియుంచిరి. అది 1909లో మిత్రులకొరకు మాత్రము అచ్చుపడెను.

వేసవిలో లండను వీథులు కాగుచుండ, పార్లమెంటు సభ రాత్రులు పొడవున సాగుచుండ, గ్రే మనస్సు శనివారముకొరకు వేచియుండెడిది. ఆనాడు తెల్లవారక మునుపే లేచి, వాటర్లూ స్టేషనులో మొదటి రైలెక్కి, సామాన్య జనులు ఫలాహారము చేయు వేళకు ఏటియొద్దకు చేరెడివాడు. తన పుస్తకమున ఈ ప్రయాణమును ఆయన వర్ణించిన తీరు చదివినవారికి అది మంత్రిగారి వ్రాతవలె తోచదు. సెలవులకు ఇల్లు చేరు విద్యార్థి ఉత్సాహమువలె నుండును.

ఎంత ఆశింపవచ్చును?

ఇట్టి దినమునుండి ఆయన ఎంత ఆశించెడివాడు? లెక్క వేసి చూతము. ట్రౌట్ పట్టు కాలము స్థూలముగా ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు. అందులో మే, జూన్ మాసములు శ్రేష్ఠములు. ఆ మాసములలో పార్లమెంటు నడచుచుండును. వారమునకొక్క దినముకంటె దొరకదు. ఆ దినములలో కొన్నింటిని ఎదురుగాలి హరించును, కొన్నింటిని వాన హరించును. మిగిలిన దినమునందైనను చేప రోజంతయు మేయదు. ఉదయము పదింటికో పదునొకండింటికో నీటిపై పురుగులు లేచుట ఆరంభమగును. మధ్యాహ్నము రెండు, మూడు గంటలకు ముగియును. ఆ పిమ్మట ఏరు నిద్రించినట్లుండును. సాయంకాలము చీకటి పడుటకు ముందు మరల కొంచెము సేపు చేపలు లేచును. కాని ఆ వేళ అవి ఏ సూక్ష్మకీటకమును తినుచున్నవో కనుగొనుట మిక్కిలి కష్టము. ఉదయమునుండి రాత్రి వరకు ఏటియొద్ద ఉన్నవానికి నిజముగా పనికివచ్చు వేళ నాలుగైదు గంటలు మాత్రమే. అందులో ఒక చేప నాచులో దూరి దారము తెంపవచ్చును. మరియొకటి చివరి క్షణమున ముల్లు విడిపించుకొనవచ్చును.

సరస్సులలో గాలము వేయువారికి ఈ లెక్క మరింత కఠినము. ఏటిలో ప్రవాహమే ఆహారమును తెచ్చియిచ్చును గనుక చేప ఒక చోట నిలుచును. దాని ఇల్లు కనుగొనవచ్చును. సరస్సులో ప్రవాహము లేదు. ఆహారమును వెదకుచు చేపయే తిరుగుచుండును. ఇప్పుడు ఇక్కడ తేలినది మరుక్షణము ఎచ్చట నుండునో తెలియదు. ఎండ తీవ్రమైనపుడు అది లోతులకు దిగును. లోతైన, తేటయైన పెద్ద సరస్సునకు క్రొత్తగా పోయినవాడు మొదటి దినమున ఒక్క చేపతో తిరిగివచ్చినచో అదృష్టవంతుడే. ఏ చేపయు లేక, ఆ నీటి లోతుపాతులను, గాలి తీరును, చేపలు తేలు వేళను తెలిసికొని వచ్చినను అది వ్యర్థ దినము కాదు. అట్టిచోటికి ఇతరుల బుట్టలనుగూర్చి విన్న కథలను వెంటగొనిపోవువాడు నిరాశను గూడ వెంటగొనిపోవుచున్నాడు.

ఈ యథార్థములను గ్రే దాచలేదు. గాలము పట్టువానికి కావలసిన గుణములలో ఆత్మనిగ్రహమునకు ఆయన పెద్దపీట వేసెను. కొన్ని దినములు ప్రతి పనియు వక్రించును: దారము చిక్కుపడును, ఈగ కొమ్మలకు తగుల్కొనును, పడిన చేప జారిపోవును. అప్పుడు మనిషి తొందరపడును. తొందరలో మరి రెండు తప్పులు చేయును. ఆ చక్రమును ఆపగల శక్తియే నిజమైన నేర్పు. ఉపకరణములనుగూర్చి గూడ ఆయన మితవాది. నూరు విధముల ఈగలను పెట్టెలో పోగుచేయుటకంటె, ఎఱ్ఱని ఈక చుట్టిన ఈగవంటివి కొలదిరకములే ఉంచుకొని వాటిని చక్కగా వాల్చుట మేలని ఆయన అనుభవము.

ఇవన్నియు చెప్పి, ఇంత కష్టమునకు ఫలమేమన్న ప్రశ్నకు ఆయన చూపిన సమాధానము బుట్టలో లేదు. మేనెల ఉదయమున పచ్చిక బయలు, నీటి చప్పుడు, నాచుపూలు, ఒడ్డున కూయు పిట్ట, ఇవి ఎట్లును దక్కును. చేప వచ్చినచో అది పైన దక్కినది. అట్లని ఆయన చేపయెడల ఉదాసీనుడు కాడు. పట్టవలెనన్న పట్టుదల లేనివాడు ఏరు నేర్పు పాఠమును నేర్వలేడు. పట్టుదలను విడువకయే ఫలమును కొలతలో ఉంచుకొనుట గ్రే సాధించిన సమన్వయము.

కొలత తప్పిన వేసవి

1905 డిసెంబరులో గ్రే విదేశాంగమంత్రి అయ్యెను. రెండు మాసములు తిరుగక మునుపే, 1906 ఫిబ్రవరిలో, ఫాలోడన్‌కు చేరువలో డొరోతీ బండినుండి పడి, మూడు దినములు స్పృహ లేక మరణించెను. వారికి సంతానము లేదు. ఆయన కొలదికాలములోనే విధులకు తిరిగివచ్చెను. కాగితముల గుట్టల నడుమ దుఃఖమును దాచుకొనెను. కుటీరమునకు ఒంటరిగా పోవుట మాత్రము మానలేదు.

ఆ యేండ్లలో జరిగిన ఒక విహారము స్మరింపదగినది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు ఇంగ్లండునకు వచ్చినపుడు ఆంగ్లదేశపు పక్షుల పాటను వినగోరెను. 1910 జూన్ 9న గ్రే ఆయనను వెంటబెట్టుకొని ఇచెన్ లోయలోను, న్యూ ఫారెస్టు అడవిలోను నడచెను. రెండు మహారాజ్యముల నడుమ మాటలాడవలసిన విషయములు ఎన్నియో ఉండగా, వారిద్దరు ఆ దినమంతయు పిట్టల కూతలను గుర్తించుచు గడపిరి. సుమారు నలువది జాతుల పక్షులు వారికి కనబడెను.

రాజనీతిలో గ్రే సత్యసంధుడని ప్రత్యర్థులు గూడ అంగీకరించిరి. 1912 డిసెంబరు మొదలు 1913 ఆగస్టు వరకు, బాల్కను యుద్ధముల వలన యూరపు అంతయు భగ్గుమను స్థితిలో నుండగా, లండనులో ఆరు రాజ్యముల ప్రతినిధుల సమావేశమును ఆయన ఓర్పుతో నడిపెను. తొందర లేదు, ప్రగల్భము లేదు. సమావేశము విసుగు పుట్టించెను. కాని మహారాజ్యముల నడుమ శాంతి నిలిచెను. అది ఆయన జీవితమున మంచి బుట్ట.

ఆ జయమే మరుసటి యేడు ఆయనను మోసగించెనని చెప్పవచ్చును. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగిన పిమ్మట, క్రిందటిసారివలెనే ఈసారియు సమాధానము కుదురునని గ్రే నమ్మెను. జర్మనీ తన మిత్రుని అదుపులో ఉంచుననుకొనెను. జూలై 26న, బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ ప్రతినిధులు లండనులో సమావేశము కావలెనని ప్రతిపాదించెను. జర్మనీ నిరాకరించెను. అప్పటికి కాలము మించిపోయెను. ఏటియొద్ద ఒకనాటి ఫలము మరునాటికి పూచీ కాదని ఎరిగిన మనిషి, అదే లెక్కను యూరపు రాజధానులకు వర్తింపజేయలేకపోయెను. నీటి రంగును, గాలి తీరును క్షణక్షణము గమనింప నేర్చిన కన్ను, బెర్లిన్, వియన్నాల గాలి మారినదని ఆలస్యముగా గమనించెను.

ఆయనపై వచ్చిన ఇతర విమర్శలను గూడ చెప్పవలెను. ఫ్రెంచి సైనికాధికారులతో 1906లో ఆరంభమైన రహస్య సంప్రతింపులు 1911 వరకు మంత్రివర్గమంతటికి తెలుపబడలేదు. మంత్రియైన తరువాత 1914 ఏప్రిల్ వరకు ఆయన ఇంగ్లండు విడిచి విదేశమునకు పోలేదు. ఫ్రెంచి భాష ఆయనకు అంతంతమాత్రము. బ్రిటన్ వైఖరిని ముందే స్పష్టముగా చెప్పియున్నచో జర్మనీ వెనుదీసియుండెడిదని కొందరు చరిత్రకారులు వాదింతురు. మంత్రివర్గమే రెండుగా చీలియుండగా అట్లు చెప్పు అధికారము ఆయనకు లేదని మరికొందరు బదులు చెప్పుదురు. ఈ వాదము నేటికిని ముగియలేదు. ఆగస్టు 3న ఆయన పార్లమెంటులో బెల్జియము తాటస్థ్యమును గూర్చి మాటలాడెను. మరునాటి రాత్రి యుద్ధము ప్రకటింపబడెను. ఆ ఆగస్టు దినముల సంధ్యవేళ తన కార్యాలయపు కిటికీయొద్ద నిలిచి, వీథిదీపములు వెలిగించుట చూచుచు, ఆయన పలికిన మాట లోకమంతట ప్రసిద్ధము. అందులో ఆశ లేదు. ఈసారి కొలత తప్పలేదు.

చూపు తగ్గిన పిదప

అప్పటికే ఆయన కన్నులు మందగించుచుండెను. చదువుట, వ్రాయుట తగ్గించి దీర్ఘ విశ్రాంతి తీసికొననిచో చూపు పోవునని వైద్యులు 1914లోనే హెచ్చరించిరి. యుద్ధకాలమున విదేశాంగమంత్రికి విశ్రాంతి ఎక్కడిది? దీపముక్రింద కాగితములు చదువుచు మరి రెండున్నర యేండ్లు గడపెను. 1916లో వైకౌంట్ బిరుదము, ఆ సంవత్సరాంతమున పదవీవిరమణము వచ్చెను. చూపు మాత్రము తిరిగిరాలేదు.

తేలు ఈగతో ట్రౌట్ పట్టువానికి కన్నే ఆయుధము. ఇరువది గజముల దూరమున, ప్రవాహముపై, ధాన్యపుగింజయంత ఈగను చూడవలెను. చేప దానిని అందుకొన్న క్షణమున కర్ర నెత్తవలెను. ఆ విద్య గ్రేకు ఇక అందకపోయెను. బాల్యమునుండి పెంచుకొనిన నేర్పు చేతిలో నిలిచియుండగనే నిరర్థకమయ్యెను. ఆయన ఆ ఏటిని విడిచి, ఉత్తరమున సాల్మను చేపలుండు నదులకు మరలెను. అచ్చట ఈగ నీట మునిగి పోవును. చేప తాకుట చేతికి తెలియును, కన్నుతో పనిలేదు. ఉన్నదానిని కొలిచి, దానికి తగిన పనిని ఎన్నుకొనుట ఆయనకు ఏరు నేర్పిన పాఠమే గదా.

1919లో ప్రత్యేక రాయబారిగా అమెరికాకు పోయినపుడు, డిసెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఆయన వినోదమును గూర్చి ఒక ఉపన్యాసమిచ్చెను. అందులో రూజ్వెల్టుతో నడచిన దినమును చెప్పెను. మనస్సునకు విశ్రాంతినిచ్చు వ్యాపకము ఒకటి ప్రతి మనిషికి కావలెననెను. మార్చివరకు కంట పడని నదీ మడుగులలో తాను శీతకాలపు రాత్రులందే, పడకపై మేలుకొనియుండి, ఊహలో గాలము వేయుదునని గూడ తెలిపెను. నిరీక్షణము ఆయనకు ఫలమునకు బయానా కాదు. అదియే ఒక ఫలము.

దుఃఖములు మాత్రము ఆయనను విడువలేదు. ఒక తమ్ముడు 1911లో ఆఫ్రికాలో సింహము వాత పడెను. మరియొక తమ్ముడు 1928లో అదే ఖండమున అడవిదున్న పొడువగా మరణించెను. 1917లో ఫాలోడన్ గృహము అగ్నికి ఆహుతియయ్యెను. 1923లో ఇచెన్ ఒడ్డు కుటీరము గూడ కాలిపోయెను. 1922లో వివాహమాడిన రెండవ భార్య పమేలా 1928లో కన్నుమూసెను. ఇన్నింటినడుమ ఆయన పనులు ఆగలేదు. 1925లో తన పదవీకాలపు స్మృతులను, 1927లో పక్షుల మనోహరత్వమును గూర్చి ఒక పుస్తకమును వెలువరించెను. పక్షుల పుస్తకమున ఎక్కువ భాగము వాటి పాటలనుగూర్చియే. కన్ను కోలుపోయినదానిని చెవి కొంతవరకు పూరించెను. ఫాలోడన్ చెరువులలో ఆయన పెంచిన నీటిబాతులు నిర్భయముగా వచ్చి చేతినుండి గింజలు తినెడివి. వాటి రంగులు ఆయనకు సరిగా కనబడకుండెను. ముక్కుల తాకిడి మాత్రము తెలిసెడిది.

1930లో తన గాలపు పుస్తకమునకు క్రొత్త ముద్రణము వచ్చినపుడు, వృద్ధుడైన గ్రే గతమును సింహావలోకనము చేయుచు కొన్ని పుటలు చేర్చెను. మూడేండ్లకు, 1933 సెప్టెంబరు 7న, ఫాలోడన్‌లో మరణించెను. అప్పటికి ఆయనకు డెబ్బదియొకటవ యేడు నడచి ముగిసెను. 1938లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆయన పేర పక్షిశాస్త్ర పరిశోధన సంస్థ నెలకొనెను. సోమరియని ఒకప్పుడు వెడలగొట్టిన విద్యాస్థానముననే ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

గ్రే చరిత్రను తరగతిలో చెప్పునపుడు 1914 జూలైతోబాటు 1876 నాటి వించెస్టరు ఏటిని గూడ విద్యార్థులకు చూపుట మంచిది. తనకు తెలిసిన పద్ధతి క్రొత్త నీటిలో పనిచేయలేదని తెలిసికొని, మరల మొదటినుండి నేర్చుకొన్న బాలుడు అక్కడ కనబడును. అదే మనిషి పెద్దవాడై, రాజ్యములనడుమ క్రిందటి యేటి పద్ధతినే నమ్మి ఎట్లు దెబ్బతినెనో 1914లో కనబడును. ఒక విద్యలో సంపాదించిన వివేకము వేరొక విద్యలోనికి తనంతట తాను నడచిరాదు. దానిని ప్రతిచోటను మరల సంపాదింపవలసియే యుండును.